కాగితంలో కడుపునొప్పి

రేవతి చదివి సరే అన్నాకే దీన్ని బయటికి ఇస్తున్నాను. పేరు మార్చి రాయనా అని అడిగాను. "పేరుకేముండాది, అట్లే ఉండనీండి. జబ్బు మాత్రం మార్చొద్దు" అంది. ఆ మాట ఎందుకందో తెలియాలంటే మే నెల నుంచి చెప్పుకురావాలి.

ముందు మా ఇంటి సంగతి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రికలో పనిచేశాను. మొదట చిత్తూరులో కోర్టులు, పోలీసు స్టేషన్ల వార్తలు. తర్వాత తిరుపతి డెస్కులో జిల్లా పేజీలు దిద్దే పని. రిటైరై రెండేళ్లయింది. రేవతి నా భార్య. మా కూతురు హేమ రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్ల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తుంది. ఆ ఉద్యోగంతో పాటు వచ్చిన ఆరోగ్య బీమాలో మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. కార్డు వచ్చిన రోజు హేమ దాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద పెట్టింది. "ఇంక మీకు ఏమొచ్చినా భయం లేదు" అంది. బీపీ ఉన్నవాణ్ణి నేను కాబట్టి ఆ కార్డు నా కోసమే అనుకున్నాం. రేవతి ఏనాడూ ఆస్పత్రి మెట్లు ఎక్కిన మనిషి కాదు. ఎక్కాల్సిన అవసరం ఆమెకు ఉందేమోనని మేం ఎప్పుడూ చూడలేదు కూడా.

మే

గురువారం మధ్యాహ్నం ఒంటి గంట దాటింది. బ్యాంకు పని చూసుకుని ఇంటికొచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. రేవతి వంటింటి గడప దగ్గర పడి ఉంది. పిలిస్తే పలకలేదు. పక్కన ఖాళీ మాత్రల అట్టలు.

ఆ తర్వాతి పది నిమిషాలు నాకు వరుసగా గుర్తులేవు. ఎదురింటామె చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కి, రేవతి తలను ఒళ్లో పెట్టుకుని వచ్చిందని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నాకు స్పష్టంగా గుర్తున్నది నర్సింగ్ హోంలో అత్యవసర విభాగం ముందున్న బల్ల. డ్యూటీ డాక్టరు పెన్ను పట్టుకుని "ఏం జరిగింది?" అని అడిగాడు.

"కడుపునొప్పి తాళలేక మాత్రలు ఎక్కువ వేసుకుంది సార్" అన్నాను.

తడబడలేదు. ఒక్క క్షణం ఆలోచించుకోలేదు. ఆ వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది.

జిల్లా పేజీలు చదివే వాళ్లకు ఆ వాక్యం కొత్తేమీ కాదు. ఎవరైనా ప్రాణం తీసుకుంటే ఇంటివాళ్లు స్టేషన్లో కడుపునొప్పి అని చెబుతారు. పరువు పోదు, ఎవరి మీదా కేసు రాదు. స్టేషన్ రైటరు అదే రాసుకుంటాడు. సాయంత్రం మేం ఫోన్ చేస్తే అదే చదివి వినిపిస్తాడు. మేం నాలుగు లైన్లు, సింగిల్ కాలమ్, పేజీ కింద వేస్తాం. అది నిజం కాదని చెప్పినవాడికి తెలుసు, రాసుకున్నవాడికి తెలుసు, అచ్చేసినవాడికి తెలుసు. చదివేవాళ్లలో సగం మందికీ తెలుసు. అలాంటి వార్తలు నా చేతి మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్క పెట్టుకోలేదు.

డాక్టరు నా ముఖం వైపు ఒకసారి చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. రాసుకున్నాడు. బీమా కౌంటర్లో మధు అనే ఆయన కూడా జబ్బు ఏమిటని అడిగి అదే రాసుకున్నాడు. సాయంత్రానికల్లా బీమా కంపెనీ అనుమతి వచ్చేసింది. అంత తొందరగా వచ్చినందుకు నేను సంతోషించాను. ఇది కూడా దాచకుండా చెప్పాలి.

నాలుగు రోజులు ఐసీయూ బయట కూర్చున్నాం. తిరుపతిలో ఏ ఆస్పత్రి వరండా చూసినా సగం మంది కొండకు వచ్చినవాళ్లే. గుండుకు గంధం రాసుకున్న ఒక పెద్దాయన మెట్ల మీద కాలు బెణికి వచ్చాడు. ఆయన కొడుకు నా చేతిలో లడ్డు ముక్క పెట్టి "మీ వాళ్లకు ఏమైంది?" అని అడిగాడు. కడుపునొప్పి అన్నాను. మూడో రోజుకు నేనే దాన్ని సగం నమ్మసాగాను.

రేవతి తమ్ముడు మునిరత్నం చిత్తూరు నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. అతనికి మామిడి మండీ ఉంది. కాయలు దిగే రోజులు, ఊపిరి తీసుకోవడానికి తీరదు. అయినా లారీలు వదిలేసి వచ్చాడు. వచ్చీ రాగానే నన్ను మందుల షాపు పక్కకు తీసుకుపోయాడు.

"బావా, ఈడ ఏమని చెప్పినావు?"

"కడుపునొప్పి అని."

"మంచి పని చేసినావు. అదే మాట మీద ఉండు. మా ఇంట్లో గూడా నేను అదే చెప్పి వచ్చినా."

వెనకాలే వచ్చిన హేమ వింది. "అమ్మకు కడుపునొప్పి యాడుండాది మామా? ఎవురికి చెప్తా ఉండావు?"

"అమ్మణ్ణీ, నువ్వు గమ్మునుండు. మా వాడికి సంబంధం చూస్తా ఉండాం. మేనత్తకు మతి సరిగా లేదంట అని ఒకరంటే చాలు, ఊరంతా అంటారు."

"అంటే ఇప్పుడు అమ్మ కంటే ఊరు ముఖ్యమా నీకు?"

మునిరత్నం ఏదో అనబోయాడు. గోడ వైపు తిరిగి కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "మా యక్కరా అది. నాకు అన్నం కలిపి పెట్టి పెంచింది" అన్నాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలన్నా ఆ తర్వాత నాకు చేతకాలేదు.

ఐదో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితం మీద కడుపునొప్పి, పొరపాటున మాత్రలు ఎక్కువ అవడం అని ఉంది. అక్కడ సిస్టర్ మేరీ అని ఒక నర్సు ఉండేది. రోజూ పొద్దున రేవతి తల దువ్వి జడ వేసేది. ఏమీ అడిగేది కాదు. మేం బయలుదేరుతుంటే లిఫ్టు దగ్గర నన్ను ఆపింది. "సార్, కడుపునొప్పి తగ్గినాక గూడా మేడమ్‌ను ఒంటిగా ఇడవొద్దండి" అని, మందుల చీటీ వెనక ఒక మానసిక వైద్యుడి క్లినిక్ పేరు రాసి ఇచ్చింది. కడుపునొప్పి అనే మాటను ఆమె ఎంత మెత్తగా అందంటే, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

జూన్

ఇంట్లో రేవతి మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది. స్నానానికి లెమ్మంటే లేచేది. గోడకు ఆనుకుని కూర్చుంటే అలాగే సాయంత్రమయ్యేది.

నేను కాపలా మనిషినయ్యాను. బాత్‌రూమ్ గడియ తీసేయించాను. మందులన్నీ బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాను. వంటింట్లో చప్పుడు ఆగితే నా గుండె కూడా ఆగేది. లేచి వెళ్లి చూస్తే ఆమె నొచ్చుకుంటుందని, కూర్చున్నచోటి నుంచే ఏదో ఒక వంకతో పిలిచేవాణ్ణి. "రేవతీ, పాలు కాచినావా?" "రేవతీ, నా కళ్లద్దాలు ఆడ ఉన్నాయా?" జవాబు రాదు. అప్పుడు లేచి వెళ్లేవాణ్ణి. ఆమె స్టవ్ దగ్గర నిలబడి ఉండేది. నా వైపు చూసేది కాదు. రోజుకు పది సార్లు, పదిహేను సార్లు ఇదే వరస.

హేమ సెలవులు అయిపోయాయి. ఒక పొద్దున కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే గుమ్మంలో నిలబడి నాతో గొడవ పడింది.

"నువ్వు కాపలా కాస్తా ఉంటే అమ్మకు ఊపిరాడదు నాయనా."

"మరి ఏం చేయమంటావు? వదిలేసి పోనా?"

"ముప్పై ఏండ్లు వదిలేసే పోయినావు గదా. పొద్దున పోతే పేపరు ప్రింటయినాక వచ్చేవాడివి. ఇప్పుడు సూస్తా ఉండావు, ఎప్పుడూ సూడనట్ల."

బస్సు వెళ్లిపోయింది. తను ఇంకో బస్సుకు వెళ్లాల్సి వచ్చింది. లోపల రేవతి ఇదంతా వింటూనే ఉంది.

సిస్టర్ రాసిచ్చిన క్లినిక్‌కు ఆ వారమే వెళ్లాం. డాక్టరు మందులు రాశాడు. మందులు ఒక్కటే సరిపోవని, ఇంట్లోవాళ్లందరూ కలిసి కూర్చుని మాట్లాడే చికిత్స కావాలని చెప్పాడు. వారానికోసారి, శనివారం సాయంత్రం ఐదు గంటలకు. ఆ క్లినిక్‌లోనే ఒక కౌన్సెలర్ ఉంది. చిత్తూరు మనిషి, తమిళ యాస కలిసిన తెలుగు. ఆ గదిలో బల్ల లేదు. నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను, కిటికీ దగ్గర మంచినీళ్ల బిందె. బల్ల లేని గదిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీ ముగ్గుర్లో పేషెంటు ఎవరు?"

నేను రేవతిని చూపించాను. హేమ నన్ను చూపించింది. రేవతి ఫ్యాను వైపు చూసింది.

కౌన్సెలరమ్మ నవ్వింది. "ఫారంలో ఒక పేరే పట్టేది సార్. ఈ రూములో మటుకు ముగ్గురూ పేషెంట్లే."

అది నాకు అప్పుడు తమాషా మాటలాగా వినిపించింది. ఫారం ఎంత బలమైనదో తర్వాత తెలిసింది.

జులై

మొదటి మూడు శనివారాలు నేనూ హేమా మాట్లాడాం. నిజానికి పోట్లాడుకున్నాం. రేవతి ఎవరో తెలియనివాళ్ల ఇంటికి వచ్చినట్టు కూర్చుంది. కౌన్సెలరమ్మ తొందరపెట్టలేదు. నాలుగో శనివారం, ఐదూ ఇరవై అయి ఉంటుంది, రేవతి గొంతు సవరించుకుంది. రెండు నెలల తర్వాత ఆమె గొంతు అది. నన్ను కాకుండా కిటికీ దగ్గరి బిందెను చూస్తూ మాట్లాడింది.

"మా పెద్దమ్మ కూతురు సుగుణక్క అని ఉండె. చిత్తూరు దగ్గర పల్లె. నాకు పెండ్లయిన రెండేండ్లకు పోయింది. తనకు తానే పోయింది. ఆ వార్త ఈయనే రాసినారు. నాలుగు లైన్లు. కడుపునొప్పి తాళలేక అని."

నేను కుర్చీలో కదిలాను. కౌన్సెలరమ్మ ఆగమన్నట్టు నా వైపు చెయ్యి చూపించింది.

"సుగుణక్కకు కడుపునొప్పి లేదని ఈయనకు తెలుసు. ముందు నెలే మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండి ఏడ్సి పోయింది. ఆమె ఏడుస్తా చెప్తా ఉంటే ఈయన అన్నం తింటానే విన్నారు."

"అప్పుడు మీరు సార్‌ను అడిగినారా, ఎందుకట్ల రాసినారని?"

"అడగల. పేపర్లో పడినాక ఇంకేం అడిగేది?"

రేవతే మళ్లీ అందుకుంది.

"ఆస్పత్రిలో కండ్లు తెరిసినప్పుడు సిస్టరమ్మ వచ్చి, కడుపునొప్పి తగ్గిందామ్మా అని అడిగింది. ఓహో, నన్ను గూడా రాసేసినారు అనుకున్నా."

హేమ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ నాలుగు లైన్ల వార్త నాకు గుర్తొచ్చింది. ఏ పేజీలో, ఏ వార్త కింద పడిందో కూడా గుర్తొచ్చింది. సుగుణ ముఖం మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు.

ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ రేవతి దారిలో పూల అంగడి దగ్గర ఆపమంది. మూర కనకాంబరాలు కొనుక్కుంది. అంతే. కానీ హేమ నా వైపు తిరిగి కళ్లతోనే చెప్పింది, ఆ గది మానకూడదు అని. నేనూ అదే అనుకున్నాను. ఏదైనా వదులుకుందాం కానీ శనివారం ఐదు గంటలు వదులుకోకూడదు.

ఆగస్టు

అప్పటిదాకా ఫీజులు మేమే కట్టాం. నా దగ్గర ఉన్న డబ్బు ఆ గదికి ఎక్కువ కాలం సరిపోదని తెలిశాక హేమ బీమాకు దరఖాస్తు చేసింది. మానసిక జబ్బులకు కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా వర్తించాలని చట్టం ఉంది. ఆ చట్టం వచ్చినప్పుడు ఆ వార్తకు నేనే శీర్షిక పెట్టాను. ఆ ధైర్యంతో ఉన్నాను.

వారంలో తిరస్కరించారు. ఫోన్ చేశాను. లైన్లోకి ఒక అమ్మాయి వచ్చింది. మర్యాదగా మాట్లాడింది.

"పేషెంట్ పేరు చెప్పండి సార్."

"మా కుటుంబానికి చికిత్స అమ్మా. ముగ్గురం కూర్చుంటాం."

"ఒక పేరు చెప్పండి సార్."

"రేవతి."

"రేవతి గారికి గతంలో కడుపునొప్పికి ట్రీట్‌మెంట్ జరిగింది సార్. దానికీ దీనికీ సంబంధం?"

నేను జవాబు వెతుక్కునే లోపే ఆమె మిగతావి చదివేసింది. ఆస్పత్రిలో చేరకుండా వచ్చిపోయే చికిత్స ఈ పాలసీలోకి రాదు. పాలసీ చికిత్స ఒక మనిషికి, ఒక జబ్బుకు. ముగ్గురు కూర్చుని మాట్లాడుకోవడం చికిత్స కింద లెక్కకు రాదు. "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. తన ముందున్నది తను చదివింది. నేనూ అన్నేళ్లు ఆ పనే చేశాను.

క్లినిక్ డాక్టరు నా తరఫున ఉత్తరం రాసిచ్చాడు. మొదటిసారి ఆస్పత్రిలో చేరిన కారణం సరిగా నమోదైతే, దాని కొనసాగింపుగా ఈ చికిత్సను పరిశీలించమని గట్టిగా అడగవచ్చు అన్నాడు. దాంతో మళ్లీ నర్సింగ్ హోంకు వెళ్లాను. బీమా కౌంటర్లో మధు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. విషయం విన్నాక గొంతు తగ్గించాడు.

"సార్, మీరు చెప్పిందే మేం రాసినాం. ఇప్పుడు అది కాదంటే, ఆ రోజు తప్పు చెప్పి బీమా తీసుకున్నారని మొదటిది గూడా వెనక్కి అడగొచ్చు. మొత్తం పాలసీకే మాట రావొచ్చు. హేమమ్మ ఉద్యోగం దగ్గర గూడా తెలుస్తాది. నేను వద్దని చెప్పను. ఇంటికి పోయి బాగా ఆలోచించుకోండి."

పెద్ద డాక్టరును కలవడానికి రెండు ఉదయాలు వరండాలో కూర్చున్నాను. ప్రెస్ కార్డు జేబులో ఉన్న రోజుల్లో అదే తలుపు నేను తట్టకుండానే తెరుచుకునేది. రెండో రోజు పన్నెండుకు లోపలికి పిలిచాడు. అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పేపరాయన గదా మీరు. పడిన వార్త తప్పయితే ఏం చేస్తారు?"

"సవరణ వేస్తాం."

"యాడ వేస్తారు?"

"లోపలి పేజీలో. కింద."

"మాకు లోపలి పేజీ లేదండీ" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగా విచారంగానే అన్నాడు. రికార్డు మార్చితే డ్యూటీ డాక్టరు ఆ రోజు ఎందుకు రాయలేదనే ప్రశ్న వస్తుంది, ఇలాంటి కేసు పోలీసు స్టేషనుకు ఎందుకు చెప్పలేదనే ప్రశ్న వస్తుంది. ఆ కుర్రడాక్టరు బతుకు చూడమన్నాడు. నేను దండం పెట్టి లేచి వచ్చాను.

ఇది చదివేవాళ్లకు ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. మీ ఇంట్లో అలాంటి మధ్యాహ్నం రాకూడదు. వస్తే మాత్రం, ఆ బల్ల ముందు నిలబడ్డప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పండి. అప్పుడు మీరు చెప్పే ఒక్క వాక్యం మీ మనిషి వెంట ఎంత దూరం వస్తుందో అప్పుడు తెలియదు. నిజం చెప్పినా బీమా వస్తుందని నేను మాట ఇవ్వలేను. కళ్లు తెరిచిన మనిషికి తన జబ్బు పేరు తను వినే అవకాశమైనా ఉంటుంది.

సెప్టెంబరు

ఇంకేం దారి లేక ఒక ఉత్తరం రాశాను. బీమా కంపెనీకి, దాని నకలు నర్సింగ్ హోంకు. మొదటిసారి ఇచ్చిన డబ్బు వెనక్కి అడిగితే అడగనీ అనుకున్నాను. తన ఉద్యోగం సంగతి తనకే వదిలేయమంది హేమ. మునిరత్నానికి ఫోన్లో చెబితే అరిచాడు. "నీ కాగితాలు నువ్వు రాసుకుంటావు బావా, ఈడ జవాబు చెప్పుకునేది మేము!" అని పెట్టేశాడు. పది నిమిషాలకు మళ్లీ చేశాడు. "అక్క తింటా ఉండాదా?" అని అడిగి, మిగతా మాట ఎత్తలేదు.

ఉత్తరం మీద మూడు రోజులు కూర్చున్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ వార్తా రాయలేదు. రేవతికి చెప్పలేదు. మానుతున్న మనిషిని మళ్లీ కెలకడం ఎందుకనుకున్నాను. పంపేశాక, జవాబు వచ్చేదాకా శనివారాలు తగ్గించుకుంటూ వచ్చాం. వారం విడిచి వారం వెళ్లాం. ఆ తర్వాత నెలకోసారి అనుకున్నాం.

నెల దాటాక జవాబు వచ్చింది. మూడు లైన్లు. పునఃపరిశీలించామని, నిర్ణయంలో మార్పు లేదని, ఈ విషయం ఇంతటితో ముగిసిందని. నర్సింగ్ హోం నుంచి జవాబే రాలేదు. మొదటి డబ్బు ఎవరూ వెనక్కి అడగలేదు. అంటే నా ఉత్తరాన్ని ఎవరూ నిజమని కూడా అనుకోలేదు, అబద్ధమని కూడా అనుకోలేదు. కాగితంలో కడుపునొప్పి అలాగే ఉంది.

కౌన్సెలరమ్మకు చెప్పాం. ఆమె ఆ క్లినిక్‌లో జీతానికి పనిచేసే మనిషి, ఫీజు ఆమె చేతిలో లేదు. "నేను చేసేది ఇంతే సార్" అని, రెండు నెలలకోసారి వస్తే సగం ఫీజుకు డాక్టరును ఒప్పిస్తానంది. మిగతా శనివారాలు ఇంట్లోనే కూర్చోమంది. "అదే టైము. ఇదే మాదిరి కుర్చీలు. టీవీ వద్దు, ఫోన్లు వద్దు. మొదట ఎవరు మాట్లాడాలని పెట్టుకోవద్దండి."

మొదటి శనివారం ఐదు గంటలకు హాల్లో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది హేమ. నాలుగోది కూడా వేసి, మళ్లీ తీసేసింది. కూర్చున్నాం. అడిగేవాళ్లు లేరు. బయట కూరగాయల బండివాడు టమోటా అని అరుస్తూ పోయాడు. ఐదు నిమిషాలు గడిచాయి. ఆ ఐదు నిమిషాల్లో నాకు తెలిసొచ్చింది, మాకు ఏది లేకుండా పోయిందో.

"మీరేదో ఉత్తరం రాసినారంట గదా" అంది రేవతి. "మునిరత్నం చెప్పినాడు. సదవండి, ఇంటాను."

లోపలికి వెళ్లి నకలు తెచ్చాను. చదివాను. ఆ రోజు నేను చెప్పిన కారణం తప్పని, అందుకు పూర్తి బాధ్యత నాదేనని, నా భార్య జీవితంపై విరక్తి చెంది ఆ పనికి పాల్పడిందని, రికార్డులు సవరించవలసిందిగా ప్రార్థిస్తున్నానని.

రేవతి చెయ్యి ఎత్తింది.

"అదేంది, నడిమధ్యలో? ఇంకొకసారి సదవండి."

"జీవితంపై విరక్తి చెంది..."

"అది గూడా పేపరు మాటే గదా" అంది.

నేను కాగితం వైపు చూశాను. అవును. కడుపునొప్పి కాని ప్రతివాళ్లకూ మేం అదే రాసేవాళ్లం. మూడు రోజులు కూర్చుని నేను చేసిందల్లా, ఒక అచ్చు మాట తీసి ఇంకో అచ్చు మాట పెట్టడం. ఈసారి కూడా మనిషి పక్క గదిలోనే ఉంది. ఈసారి కూడా నేను ఆమెను అడగలేదు.

"నాకు విరక్తి ఎప్పుడు పుట్టిందో మీకెట్ల తెలుసు?" అంది. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"నాయన ఏదో మంచికే..." అంది హేమ.

"మంచికే లే పాపా. ఈయన ఎప్పుడూ మంచికే రాసినారు."

జేబులోంచి పెన్ను తీశాను. కాగితం వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టుకున్నాను. "సరే, నువ్వు చెప్పు. ఏమని రాయాలో చెప్పు" అన్నాను.

"రాయొద్దు. పెన్ను ఆడ పెట్టేసి ఇనండి."

పెన్ను నేల మీద పెట్టాను. రేవతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం కొంత చెప్పింది, తర్వాతి శనివారం కొంత. అవి ఇక్కడ రాయను. కడుపునొప్పి అని నాలుగు లైన్లలో తేల్చేసినవాణ్ణి, మళ్లీ నాలుగు పేరాల్లో తేల్చలేను. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. కొన్నిటికి జవాబు ఉన్నా ఇరవై ఏళ్లు ఆలస్యమైంది. కౌన్సెలరమ్మ ఉంటే ఎక్కడ ఆపాలో, ఎక్కడ నీళ్లు తాగమనాలో తెలిసేది. మాకు తెలియదు. ఒక వారం హేమ మధ్యలో లేచి వెళ్లి మేడ మీద కూర్చుంది. ఇంకో వారం నేనే నోరు జారాను. రెండు రోజులు మళ్లీ ఇంట్లో ఆ పాత నిశ్శబ్దం వచ్చింది. మంచి జరుగుతోందో, చెడు జరుగుతోందో చెప్పేవాళ్లు లేకుండానే కూర్చుంటున్నాం.

మందుల బీరువాకు తాళం ఇంకా వేస్తున్నాను. తాళంచెవి నా జేబులో ఉందని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు.

భయం పోలేదు. నిన్న ఉదయం కూడా ఇది రాసుకుంటూ ఉంటే వంటింట్లో చప్పుడు ఆగింది. తిరగమాత చిటపటలు లేవు, కొళాయి చప్పుడు లేదు. పెన్ను నా చేతిలో అలాగే నిలిచిపోయింది. ఎప్పటిలాగే ఒక వంక వెతుక్కుని పిలిచాను.

"రేవతీ, నా కళ్లద్దాలు ఆడ ఉన్నాయా?"

కళ్లద్దాలు నా ముఖం మీదే ఉన్నాయి. లోపలి నుంచి కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఉండాన్లేండి" అంది రేవతి. "కూసోండి."